ఎర్ర దారం లేని కాయ

సెప్టెంబర్ 11, గురువారం

తడ నుంచి అనూష ఫోటో పెట్టింది. కంచంలో అన్నం, సొరకాయ కూర. మా మిద్దెతోటల వాట్సాప్ గ్రూపు ఆచారం అది. ఎవరిచ్చిన విత్తనానికి మొదటి కాపు వచ్చినా వండుకుని, కంచం ఫోటో పెట్టి, ఇచ్చినవాళ్ళకి థాంక్స్ చెప్పాలి. చాలా బాగుంది బాబాయ్ అని రాసింది. ఆ విత్తనాలు కొడవలూరు హజరత్తయ్యవి. రిటైరైన బస్ కండక్టర్. ఏం చెప్పినా ఆయన జవాబు ఒకటే, రైట్ రైట్. ఇవాళా అదే పెట్టాడు, పక్కన రెండు పువ్వులు.

నా మిద్దె మీద వంగ మళ్ళీ మాడింది. మైపాడు ఉప్పుగాలికి నా ముఖమే మాడుతోంది, దానిదేముంది.

సెప్టెంబర్ 12, సాయంత్రం

అనూష ఐసీయూలో ఉంది. రక్తం కక్కుకుందట, బీపీ పడిపోయిందట. సొరకాయ చేదుగా ఉందా అని డాక్టర్ అడిగాడని వాళ్ళాయన వాయిస్ మెసేజ్ పెట్టాడు. ఏడుస్తూనే మాట్లాడాడు.

చేదు సొరకాయ విషం. అందుకే మా గ్రూపులో అంత చాదస్తం. సొరపువ్వు పొద్దుగూకే వేళ విచ్చుకుంటుంది. మన చేత్తోనే పుప్పొడి అద్ది, పురుగు దూరకుండా పువ్వు మూతి కట్టేసి, కాడకి ఎర్ర దారం గుర్తు కట్టాలి. ఆ కాయ విత్తనాలే పంచాలి. కట్టకుండా వదిలేస్తే కంచె మీది అడవి సొర పుప్పొడి కలిసినా కలుస్తుంది. కాయ బాగానే ఉంటుంది, దాని విత్తనం వేస్తే చేదు కాస్తుంది.

హజరత్తయ్య తనే రాశాడు, నేనిచ్చింది దారం కట్టిన కాయ విత్తనం కాదు అని.

చదివిన వెంటనే ఆయన్ని గ్రూపులోంచి రిమూవ్ చేశాను. ముందు అడగాలి, వినాలి, తర్వాతే తీర్పు అని అడ్మిన్‌గా రూల్ రాసింది నేనే. ఆ పిల్ల ఐసీయూలో ఉంటే రూలేంటి.

సెప్టెంబర్ 13

హజరత్తయ్య ఫోన్. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఎత్తలేదు.

సెప్టెంబర్ 15

గ్రూపంతా ఒకటే తిట్లు. ఆయన ఫోటో మీద ఎవరో ఎర్రగా అడ్డగీత గీసి పెట్టారు. ఇంకో అడ్మిన్ సుశీల్ కుమార్, మంచి పని చేసినావక్కా అన్నాడు. నేను ఆ ఫోటో డిలీట్ చేయలేదు. చేయొచ్చు. చేయలేదు.

సెప్టెంబర్ 19, శుక్రవారం

దేవుడికి స్తోత్రం. అనూష ఇంటికొచ్చింది. తనే ఫోన్ చేసింది.

మొదటి ముద్దకే చేదు తెలిసిందట. పారేయమని వాళ్ళత్త కూడా అన్నదట. అప్పటికే ఫోటో పెట్టేసినానక్కా, బాబాయ్ ఎదురుచూస్తా ఉంటాడు, ఆయన కాయని చేదని ఎట్టా చెప్పేది అని కంచం ఖాళీ చేసిందట. పిచ్చి పిల్ల. ఒక ముసలాయన చిన్నబోతాడని విషం తిన్నది.

తర్వాత, బాబాయ్ గ్రూపులో కనపడడం లేదేందక్కా అని అడిగింది. టవర్ సరిగా లేదని ఫోన్ పెట్టేశాను.

సెప్టెంబర్ 20

సుశీల్ కుమార్‌తో గొడవపడ్డాను. పోయినేడు సుశీల్ కుమారే పువ్వు కట్టని బెండ విత్తనాలు పంచాడు. కాయలకి గడ్డంలా నూగు మొలిచింది. అందరం నవ్వాం, అంతే. హజరత్తయ్యకి మాత్రం గెంటివేతా అన్నాను. బెండకాయ తిని ఎవురూ ఆస్పత్రికి పోలేదక్కా అన్నాడు. అదీ నిజమే. శిక్ష వేయాల్సిందే. ఏడాదిపాటు విత్తనాలు పంచకూడదు, అది చాలు అన్నాను. కానీ అడగకుండా తీసేశాం కదా అన్నాను. చివరికి, నీ ఇష్టం అన్నాడు.

కోపంలో కోసుకున్న ముక్కు శాంతంలో అతుక్కోదంటారు. కోసింది నా ముక్కు కూడా కాదు.

సెప్టెంబర్ 21, ఆదివారం

చర్చి అవ్వగానే నెల్లూరు బస్సెక్కి, అక్కడ మారి కొడవలూరు వెళ్ళాను.

నన్ను చూసి, రా టీచరమ్మా అని కుర్చీ వేసి మజ్జిగ ఇచ్చాడు. మిద్దె చూస్తానన్నాను. చూడటానికేం లేదమ్మా అన్నాడు. అయినా ఎక్కాను. తీగలన్నీ కోసేసి ఉన్నాయి. కుండీలు గోడవారగా బోర్లించి ఉన్నాయి. గ్రూపులో ఏళ్ళ తరబడి చూసిన మిద్దె ఇదేనా అనిపించింది.

దారం కట్టిన కాయని ఉడత కొరికేసిందట. అప్పటికే అందరికీ మాటిచ్చేసినా, లేదనడానికి నోరు రాలేదు, అదే తీగకి పక్కన కాసిందే కదా అని ఇచ్చినా, తప్పు నాదే అన్నాడు. తీసేసినందుకు బాధ లేదన్నాడు.

మరి ఫోన్ ఎందుకు చేశారన్నాను.

ఆ బిడ్డ బతికిందా లేదా అని అడిగేదానికి చేసినానమ్మా అన్నాడు.

ఇన్నాళ్ళూ ఆయనకి తెలియదు. గ్రూపులోంచి తీసేశాక చెప్పేవాళ్ళెవరు. ఇంకొకరికి చేయొచ్చుగా అన్నాను, అది కూడా సిగ్గులేకుండా. నువ్వే ఎత్తలేదంటే బిడ్డ పోయిందేమో అనుకున్నా, ఇంకెవురిని అడిగేదానికీ భయమేసింది అన్నాడు.

ఫోన్ తీసి, ఇంటికొచ్చాక అనూష పంపిన ఫోటో చూపించాను. చాలాసేపు చూసి, ఫోన్ నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళాడు. నేను మజ్జిగ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. తాగలేకపోయాను. శిక్ష వేశాననుకున్నాను. నేను చేసింది శిక్ష కాదు.

సెప్టెంబర్ 22

ఆయన్ని మళ్ళీ యాడ్ చేశాను. ఆయన చేసింది తప్పు, ఏడాది విత్తనాలు పంచరు. అడగకుండా తీసేయడం నా తప్పు, క్షమించమని అడుగుతున్నాను అని రాశాను. ఆ అడ్డగీత ఫోటో ఇవాళ డిలీట్ చేశాను. ముందుగా అనూష, రా బాబాయ్ అంది. తర్వాత అందరూ పువ్వులు పెట్టారు. మొన్న తిట్టినవాళ్ళే.

ఆయన చూశాడు. ఏమీ రాయలేదు.

సెప్టెంబర్ 26

రైట్ రైట్ రాలేదు.

అక్టోబర్ 6

కొడవలూరు నుంచి పోస్టులో కవరు. విత్తనాలేమో అనుకున్నాను.

ఎర్ర దారం ఉండ. ఇంకేమీ లేదు.

సాయంత్రం మిద్దె మీద సొరపువ్వు విచ్చుకుంది. దారం కిందే మర్చిపోయానని నాకు నేనే చెప్పుకుని, పువ్వు కట్టకుండానే దిగొచ్చేశాను. అది నా చేతిలోనే ఉంది.