ఆయన చెయ్యి అందించని క్షణం

ధర్మపురి, 1958 మే, రాత్రి

ఈ సాయంత్రం గోదావరిలో ఆయన మా లలితకు ఈత నేర్పుతూ, నడుం కింది చెయ్యి తీసేశారు. పిల్ల మునిగింది. పక్కనే ఉండి కూడా ఆయన పట్టుకోలేదు. నేను కేక పెట్టేసరికి అదే కాళ్లాడించి పైకి తేలింది.

"పిల్ల మునుగుతుంటే గట్ల సూసుకుంట నిలబడ్తరా?"

"పైలట్లకు నేర్పేటోళ్లకు మా ఎయిర్ ఫోర్సుల గదే శిక్షణ. విమానం తప్పినా, నేర్చుకునేటోడు సక్కదిద్దుకునేదాక చెయ్యి పెట్టొద్దు."

"దిద్దుకోకపోతే?"

"ఆఖర్ల మేం పట్టుకుంటం."

"గదే ఆఖరని ఎట్ల ఎరుకైతది?"

ఆయన పిల్ల తల తుడిచారు.

రేపు సెలవు అయిపోతుంది, మళ్లీ ఆ శిక్షణకే వెళ్తారు. యుద్ధం లేదు కదా అని ఇన్నాళ్లూ ధైర్యంగా ఉన్నాను. ఇప్పుడు కళ్లు మూస్తే చాలు, ఆయన ముందు సీట్లో ఎవరో నేర్చుకునే కుర్రాడు, తప్పిన విమానాన్ని దిద్దుకోలేక... వాడికి తొందరగా తెలివినివ్వమని నరసింహస్వామికి మొక్కబోయాను. వాడి పేరేమిటో కూడా నాకు తెలియదు.