నలభయ్యో రోజు దాకా ఆగొద్దు

ఫిజాకు,

శుక్రవారం నువ్వు వచ్చేలోపే మీ అక్క మరియం పోయింది. పొద్దున కాస్త గంజి తాగి, "ఫిజా రొమ్ములో గడ్డకు సూది పరీక్ష అయిందా?" అని అడిగింది. కాలేదన్నాను. అవే తన చివరి మాటలు.

"అక్క నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థనలు అయ్యాక చూద్దాం, దుల్హాభాయ్" అని ఈ బావతో అన్నావు. వద్దు. సూది గుచ్చితే గడ్డ పాకుతుందని నమ్మి మీ అక్క కూడా తన రొమ్ములో గడ్డ చూపించుకోకుండా ఏడాది ఆగింది. పాకింది సూదివల్ల కాదు.

డాక్టరు స్కాన్ తెరమీద చూస్తూ, మత్తిచ్చిన చోట సూదితో గడ్డలోంచి చిన్న ముక్క తీస్తారు. తర్వాత కాస్త కమిలి తగ్గుతుంది. తనకు ఆ పరీక్ష చేసినరోజు బల్ల దిగుతూ మీ అక్క, "ఇంతేనా? దీనికా నేను ఏడ్చింది!" అని నవ్వింది. అప్పటికే ఆలస్యమైందని మాకు తెలియదు.

నీది మామూలు గడ్డే కావచ్చు. చాలావరకు అలాంటివే. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

ఇవన్నీ ఫోన్లో చెప్పలేక మీ తమ్ముడు జావేద్ చేత ఉత్తరం పంపుతున్నాను. రేపు పొద్దున పెడన వచ్చి నిన్ను బందరు ఆసుపత్రికి తీసుకెళ్తాను. పరీక్ష అయ్యేదాకా గది బయటే కూర్చుంటాను.