చెప్పు కోసం వంగిన రోజు

ప్రియమైన అక్కకు,

తమ్ముడి నమస్కారాలు. ఇక్కడ నేనూ నీ మరదలూ క్షేమం. నువ్వూ బావగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. బావగారి దగ్గు తగ్గిందని రాశావు, మనసు కుదుటపడింది. నీ మరదలి మోకాళ్ళ గురించి అడిగావు. మెట్లు దిగుతూ నన్ను తిడుతోంది. ఎక్కేటప్పుడు తిట్టడానికి ఊపిరి చాలడం లేదు. నువ్వు కొని పంపిన చెప్పులు నాకు సరిపోయాయా అన్నావు. సరిగ్గా సరిపోయాయి. వాటి సంగతి ఇంకా ఉంది, చెబుతాను.

ఈ ఉత్తరం శాసనసభలో నా బెంచీ మీద కూర్చునే రాస్తున్నాను. ఎదురుగా ఆరోగ్యమంత్రిగారు మాట్లాడుతున్నారు. ఆయన కూర్చోగానే మీ ఆస్పత్రి బిల్లు ఆఖరి ఓటుకు వస్తుంది. చిన్న ఊళ్ళలోని కాన్పు వార్డులన్నీ మూసేసి, రెండు గంటల దూరంలో ఉన్న పెద్దాస్పత్రిలో కలిపేసే బిల్లు. ముప్పై నాలుగేళ్ళుగా నువ్వు కాళ్ళు వాచేలా నిలబడ్డ వార్డూ అందులో ఉంది. ఆయన చేతిలో ఇంకా నాలుగు కాగితాలున్నాయి. అక్షరాలు వంకరపోతే ఏమీ అనుకోకు, కాగితం ఒళ్ళో పెట్టుకుని రాస్తున్నాను.

నేను ఈ బెంచీ దాకా ఎలా వచ్చానో నాకంటే నీకే బాగా తెలుసు. గోడలకు పోస్టర్లు అంటించేవాణ్ణి, వార్డు మెంబరునయ్యాను, తర్వాత మూడుసార్లు ఇక్కడికొచ్చాను. మొదటిసారి నిలబడ్డప్పుడు నా మొహం ఎవరికీ తెలియదు. నర్సమ్మ తమ్ముడట అనుకుని ఓటేశారు. నీ చేతుల మీద పుట్టినవాళ్ళు సరిగ్గా ఆ ఏడే ఓటు వయసుకొచ్చారని బావగారు ఇప్పటికీ వేళాకోళం చేస్తారు. అందులో అబద్ధమేమీ లేదు.

మూడు వారాల కిందట జరిగిన మొదటి ఓటులో నేనేమన్నానో వివరంగా రాయమన్నావు. గట్టిగా కాదన్నానని ఫోన్లో చెప్పాను. నువ్వు ఆ మాట వార్డంతా చెప్పుకుని మురిసిపోయావట. అక్కా, అది అబద్ధం.

ఆ రోజు మూజువాణి ఓటు పెట్టారు. అందులో పేర్లు రాసుకోరు. అవుననేవాళ్ళు ఒకసారి అరవాలి, కాదనేవాళ్ళు ఒకసారి అరవాలి, ఏ గోల పెద్దదో స్పీకరుగారు చెవితో తేలుస్తారు. నేను రెండుసార్లూ పెదవులు కదిపాను, రెండుసార్లూ శబ్దం రానివ్వలేదు. పార్టీ పెద్దలకు అవునన్నట్టు, నీకు కాదన్నట్టు. గోడమీద పిల్లి కూడా చివరికి ఏదో ఒక పక్కకు దూకుతుంది, నేను అదీ చేయలేదు.

ఇద్దరు సభ్యులు లేచి అడిగితే చాలు, అందర్నీ పేరుపేరునా లెక్కించాల్సిందే. అలా లెక్కిస్తే మా బెంచీల్లోనే చాలామంది అవుననడానికి జంకేవారు. వాళ్ళ ఊళ్ళలోనూ కాన్పు వార్డులున్నాయి కదా. నా పక్కన కూర్చునే ఆవిడ, ఒకప్పుడు బస్సు కండక్టరు, నా చొక్కా పట్టి లాగింది.

"మీరు లేవండి, మీతోపాటు నేనూ లేస్తాను" అంది.

నేను వంగి బెంచీ కింద చెప్పు వెతుక్కున్నాను. రెండు చెప్పులూ కాళ్ళకే ఉన్నాయి. బిల్లు ఆ మొదటి ఓటు నెగ్గిందని స్పీకరుగారు చెప్పేదాకా తల ఎత్తలేదు. నువ్వు కొన్న చెప్పులే. అప్పట్నుంచి వాటిని తొడుక్కున్నప్పుడల్లా సిగ్గేస్తోంది.

పార్టీ మాట దాటితే సభ్యత్వం పోతుందని నిన్న కాగితం ఇచ్చి నా సంతకం తీసుకున్నారు. సభ్యత్వం పోతే మేమున్న క్వార్టరూ ఖాళీ చేయాలి. పొద్దున ఆ సంగతి నీ మరదలికి చెప్పాను. "పోన్లెండి, మెట్ల బాధ తప్పుతుంది" అని ఇస్త్రీ చొక్కా చేతికిచ్చింది.

మంత్రిగారు ఆఖరి కాగితానికి వచ్చారు. కండక్టరమ్మ ఆ రోజు నుంచి నాతో మాట్లాడటం మానేసింది. ఇందాక ఆవిడకు చీటీ రాసి జరిపాను, ఇవాళ లెక్కింపు అడగడానికి నేను లేస్తానని. చదివి మడిచి పక్కన పెట్టింది, నమ్మినట్టు లేదు. ఆవిడ తప్పేమీ లేదు. నాకూ భయంగానే ఉంది అక్కా. అందుకే చెప్పులు క్వార్టరులోనే వదిలేసి ఒట్టికాళ్ళతో వచ్చాను. ఇవాళ వంగి వెతకడానికి కింద ఏమీ లేదు.

ఆవిడ ఇప్పుడే నా కాళ్ళు చూసింది. కళ్ళజోడు తీసి పెట్టి, బెంచీ అంచుకు జరిగి కూర్చుంది.

మంత్రిగారు కూర్చున్నారు.

ఇట్లు,
నర్సమ్మ తమ్ముడు