అడగకుండా ఇచ్చేసిన పేర్లు

అక్టోబరు 5, సోమవారం

వాన. కాఫీ సొసైటీ ఆఫీసులో పొద్దుట్నుంచీ కరెంటు లేదు. మధ్యాహ్నం రామ్మూర్తి పనసగుడ నుంచి తడిసి ముద్దయి వచ్చాడు. ఊళ్లు తిరిగి తోటల వివరాలు తెచ్చేది అతను, కంప్యూటర్లో ఎక్కించి భద్రం చేసేది నేను. తల కూడా తుడుచుకోకుండా చెప్పాడు... "అక్కా, పనసగుడోళ్లు తోటలకి మందు కొట్టేసినారు."

కాయ తొలిచే పురుగుకట.

మందు పడితే ఆర్గానిక్ గుర్తింపు పోతుంది. సొసైటీకి ఉన్నదల్లా ఆ పేరే. ఆ సంగతి వాళ్లకి మాకంటే బాగా తెలుసు. మరెందుకు కొట్టారు?

అక్టోబరు 6

పనసగుడ వెళ్లాం. సొన్నాయి పెద్దమ్మ గడపలో కూర్చుని ఉంది.

"మీరు పంపినోడే గదా," అంది.

ఎవర్నీ పంపలేదన్నాను.

"పేరెట్టి పిలిసినాడు. మాయన పోయాక తోట నా పేర మారిందని తెలుసు. తోటలో ఏ వార పురుగుందో అదీ తెలుసు. అవన్నీ మీకే గదా సెప్పినాం. సొసైటీ మనిసి కాపోతే ఎలాగ తెలుత్తాది?"

పట్నం మనిషట. కళ్లజోడు, ఎర్ర బ్యాగు. ఇంటింటికీ వెళ్లి పేరు పెట్టి పలకరించాడు. సొసైటీ తరఫున వచ్చానన్నాడు, ఈ మందు ఆర్గానికే అన్నాడు. ఊరంతా నమ్మింది.

కళ్లజోడు, ఎర్ర బ్యాగు అనగానే మనిషెవరో నాకు అర్థమైంది. రామ్మూర్తి నా వైపు చూడలేదు. చూసి ఉంటే మొహంలోనే తెలిసిపోయేది.

అక్టోబరు 7

రాయాలి. ఇక్కడైనా.

ఆ కళ్లజోడు మనిషి ఆగస్టులో ఆఫీసుకి వచ్చాడు. పురుగు మీద పరిశోధన చేస్తున్నానన్నాడు. టీ తెప్పించాను. ఊళ్లు, పేర్లు, ఫోన్ నంబర్లు, ఏ తోటలో పురుగు ఎంతుందో... అన్నీ తెర మీద చూపించాను. అతను అడగలేదు. గొప్ప కోసం నేనే చూపించాను. "ఇంత శుభ్రంగా వివరాలు పెట్టుకున్న సొసైటీని నేనెక్కడా చూళ్లేదు మేడమ్," అన్నాడు. ఆ ఒక్క మాటకి ఉబ్బిపోయాను. కాపీ ఇస్తారా అంటే పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి చేతికిచ్చాను. ఎక్కడ పని చేస్తారని కూడా అడగలేదు.

బోర్డు అనుమతి లేకుండా రైతుల వివరాలు బయటికి ఇవ్వకూడదన్న తీర్మానం రాసింది నేనే. రాసేటప్పుడు కూడా అది మిగతావాళ్లకే అనుకున్నట్టున్నాను.

పరిశోధనా లేదు, ఏమీ లేదు. మందులమ్ముకునేవాడు.

అక్టోబరు 9

ఇంకా ఎవరికీ చెప్పలేదు.

అక్టోబరు 10

బోర్డు మీటింగు. ప్రెసిడెంటు కొండబాబు గారు నెమ్మదిగానే అడిగారు, వివరాలు ఎలా బయటికి వెళ్లాయని. రామ్మూర్తి ఆ మనిషితో సంతలో మాట్లాడుతుంటే చూశామన్నారెవరో.

"దారడిగితే సెప్పినాను," అన్నాడు రామ్మూర్తి. "అంతేనండి."

నేను మినిట్స్ రాస్తున్నాను. విషయం తేలేవరకు రామ్మూర్తి ఊళ్లకి వెళ్లరాదు... అదీ రాశాను. పెన్ను ఎక్కడా ఆగలేదు. దస్తూరి కూడా బాగానే ఉంది.

అక్టోబరు 11, ఆదివారం

చర్చికి వెళ్తుంటే రామ్మూర్తి భార్య ఎదురైంది. "ఆయన తిండి తినట్లేదమ్మా. ప్రెసిడెంటు గారికి మీరైనా సెప్పండి. మీ మాటింటారు."

తలూపాను. చర్చికి వెళ్లలేదు. వెనక్కొచ్చి తలుపేసుకున్నాను.

అక్టోబరు 12

చెప్పేశాను. కొండబాబు గారు గోడౌను దగ్గర గోనెసంచులు ఎండబెట్టిస్తున్నారు. "ఇచ్చింది నేనండి. రామ్మూర్తి కాదు."

చేతిలో ఉన్న సంచి ఎండలో పరిచారాయన. తరవాత... "మొన్న మీటింగులో ఎందుకు సెప్పలేదు?"

ఉద్యోగం మానేస్తానన్నాను.

"మానేత్తే నీకు తేలికవుతాది. ఊరికేటవుతాది? ఈ గోడౌనుకి తాళముంది, కాపలా ఉంది. ఆ వివరాలకి ఏటుంది? నీ ఒక్కదాని సేతిలో ఎట్టి ఒగ్గేసినాం. తప్పు నీది. నాదీ ఉంది."

నాదీ అన్నారు. తిట్టినా ఇంత సిగ్గుపడేదాన్ని కాదేమో.

అక్టోబరు 14

రామ్మూర్తి పనిలోకి వచ్చాడు. క్షమించమన్నాను. "పర్లేదు మేడమ్," అన్నాడు.

మేడమ్.

అక్టోబరు 21

కొత్త పద్ధతులు పెట్టాం. ఇకమీదట వివరాలు ఒక్కరే తెరవలేరు, ఇద్దరుండాలి. ఎవరు ఏది చూశారో కంప్యూటర్లో నమోదవుతుంది. అవసరం లేకుండా దాచుకున్నవి తీసేశాం. ఎవరికైనా ఇవ్వాలంటే ఎందుకో బోర్డుకి చెప్పాలి, ఆ ఊరినీ అడగాలి.

పాస్‌వర్డు మార్చాం. పాతది నా పుట్టినరోజు.

ఆర్గానిక్ తనిఖీ వాళ్లకి మందు సంగతి మేమే రాశాం. పనసగుడ కాఫీ వేరుగా పెట్టమన్నారు. మూడేళ్లు ఆర్గానిక్ కాదు.

నవంబరు 2

పనసగుడలో సభ. లేచి నిలబడి అందరి ముందూ చెప్పాను, మీ పేర్లు అతనికిచ్చింది నేనేనని. గట్టిగా చెప్పమన్నారు వెనకనుంచి. మళ్లీ చెప్పాల్సి వచ్చింది.

సొన్నాయి అంది... "నాను సెప్పినవన్నీ నాకిచ్చీ."

"ఏవి పెద్దమ్మా?"

"మాయన పోయిన సంగతి, సెట్ల సంగతి, ఫోను నంబరు. అన్నీ ఎనక్కిచ్చీ."

ఎవరూ నవ్వలేదు. మా దగ్గరున్నవి చెరిపేయగలనన్నాను. అతని దగ్గరున్నవి రావన్నాను.

"మరేటి సేద్దాం?" అంది. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే అడిగింది.

నవంబరు 6

కాఫీ పళ్లు కోస్తున్నారు. ల్యాప్‌టాప్ పట్టుకుని తోటలెంబడి తిరుగుతున్నాం, రామ్మూర్తీ నేనూ... మీ వివరాలు ఉంచమంటారా, చెరిపేయమంటారా అని. కొందరు ఉంచమన్నారు. ఒకాయన ఎదురుగానే చెరపమన్నాడు, చెరిపి చూపించాం.

సొన్నాయి కోత ఆపలేదు. "ఉంచితే నాకేటి?"

పురుగు తోటలో ఏ పక్క ఉందో తెలిస్తే దాన్ని పట్టే ఉచ్చులు ముందు అక్కడికి పంపుతాం, మందుతో పని ఉండదన్నాను. విన్నది.

"నన్నడక్కుండా ఎవులికీ ఇయ్యవా?"

"ఇవ్వను."

"అప్పుడూ అలాగే అన్నావు."

అన్నాను. మొదటిసారి వివరాలకి రామ్మూర్తితో నేనూ వెళ్లినప్పుడు, ఆ గడపలోనే కూర్చుని, ఆవిడ పెట్టిన రాగి అంబలి తాగుతూ.

బుట్ట నడుముకి సర్దుకుని పై వరసకి వెళ్లిపోయింది. ఉంచమనలేదు, చెరపమనలేదు. కిందనుంచి చూస్తే కొమ్మలు కదలడమే కనిపిస్తోంది.

"ఏటెక్కించమంటారు?" అన్నాడు రామ్మూర్తి.

ఆమె దిగి వచ్చేదాకా ఆగుదామన్నాను. చీకటి పడేదాకా దిగలేదు, మేమూ కదల్లేదు.