వరసకి ఆరు చింతగింజలు

రత్నం,

నువ్వు పోయి ఏడాదైంది. మన కోహ్కా బస్తీ ప్రార్థన మందిరంలో నీ పిల్లల క్లాసు ఈ ఆదివారం నేనే తీసుకున్నాను. ప్రభువు ఐదు రొట్టెలతో అయిదు వేలమందికి పెట్టిన అద్భుతం గొంతెత్తి చెబుతుంటే చిన్న పింకీ అడ్డొచ్చింది.

"తాతా, అయిదు వేలమందని ఎవులు లెక్కెట్టేరు?"

ముప్పై ఏళ్ల ప్రసంగాల్లో నన్నెవరూ అలా అడగలేదు. బైబిలు తెరిచాను. జనాన్ని యాభయ్యేసి మంది చొప్పున వరసలుగా కూర్చోబెట్టారని అందులోనే ఉంది.

"అయితే ఈజీయే. మామ్మ చింతగింజలు అలాగే పేర్చేది. వరసకి ఆరు, నాలుగు వరసలు, చౌబీస్."

ఆ గింజలనే ఒకరోజు, "దేవుడి మందిరంలో ఈ ఆటలేటి?" అని పిల్లల ముందే కాలితో చెదరగొట్టాను. నువ్వు వంగి ఒక్కొక్కటే ఏరుకున్నావు.

ఇంటికెళ్లి నీ చింతగింజల డబ్బా వెతికి మందిరానికి తెచ్చాను. పిల్లల మధ్య నేలమీద కూర్చుని పేర్చాను. వరసలు వంకరపోయాయి. పింకీ వంగి ఒక్కొక్కటే సర్దింది.