స్నానాల గదికి నాలుగు రంగులు

కొత్తగూడెం,
నవంబరు 4.

మా అక్క స్తుతికి, చెల్లెలు మహిమ ప్రేమతో వందనాలు చెప్పి రాస్తున్నది.

నీతో ఫోన్లో మాట్లాడాలంటే నువ్వు నర్సుగా పనిచేసే సబ్‌సెంటర్ వెనక గుట్ట ఎక్కాలి, నేనిక్కడ గొంతు చించుకోవాలి. హలో హలోలతోనే పుణ్యకాలం గడిచిపోతుంది. అందుకే పర్ణశాల బస్సు కండక్టర్ వనజ చేతికి ఈ ఉత్తరం ఇచ్చి పంపిస్తున్నాను. నాయన దగ్గర లేనప్పుడు చదువుకో. పోనీ, ఆయనకు వినిపించినా సరే. నాకైతే నోటితో చెప్పే ధైర్యం లేదు.

మేం కట్టుకుంటున్న ఇల్లు చివరికి వచ్చింది. స్లాబు, ప్లాస్టరింగ్ అన్నీ అయిపోయాయి. ఇప్పుడు గొడవంతా స్నానాల గది దగ్గర ఆగింది. ఉన్నదే అగ్గిపెట్టెంత గది. బకెట్టు పెడితే మనిషికి చోటుండదు, మనిషి నిలబడితే బకెట్టుకు చోటుండదు. మీ మరిది శాంతికుమార్ బడిలో పిల్లలకు చెప్పినట్టు నాకు పాఠం చెబుతున్నాడు. "చిన్న రూముకు లేత రంగులే వెయ్యాలె మహిమా, గప్పుడే పెద్దగ కనబడ్తది" అని. "పెద్దగ కనబడితే ఏంది, అండ్ల ప్రార్థన కూటం పెడ్తమా?" అన్నాను.

టైల్స్ షాపు కోటేష్ కూడా ఆయన పక్షమే. తెలుపు, పాలమీగడ, గుడ్డు పెంకు రంగు అని ఒకే రంగుకు పది పేర్లు చెప్పి చూపిస్తాడు. నాకు కావలసింది అది కాదక్కా. నాకు అమ్మ వేసిన గోడలు కావాలి.

నీకు గుర్తుందా, మన బొగ్గుగని క్వార్టర్లో స్నానాల గది? లైనులో ఇళ్లన్నీ క్రిస్మస్ ముందు తెల్లసున్నం కొట్టుకుంటే అమ్మ మాత్రం ఆ గది కోసం కిరాణా కొట్టు నుంచి రంగుపొడి పొట్లాలు తెచ్చేది. సున్నంలో తుమ్మబంక కలిపి, నిన్ను రంగు అడిగేది, నన్ను అడిగేది. ఒక ఏడు నెమలి నీలం, ఒక ఏడు జేగురు ఎరుపు. నేను పట్టుబట్టి వంకాయ రంగు వేయించిన ఏడు పక్కింటి నాగలక్ష్మత్త వచ్చి "ఏంది ఆరోగ్యమ్మా, బాత్రూమా, పెండ్లిపందిరా?" అని నవ్వింది. అమ్మ తొణకలేదు. "ఆయన పొద్దందాక భూమి కింద నలుపే చూసొస్తడు వదినా. ఇంట్లనన్న రంగులు చూడనీ" అంది. నాయన డ్యూటీ నుంచి వచ్చి ఆ గదిలోకి వెళ్లి తలుపేసుకుంటే లోపలి నుంచి కీర్తన వినిపించేది. ఆ పాటలో నీళ్ల చప్పుడు, అమ్మ వంటింట్లోంచి కలిపే గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉన్నాయి. అమ్మ పోయాక అంత సంతోషం మళ్లీ ఏ ఇంట్లోనూ నేను చూడలేదు.

ఇప్పుడు అసలు సంగతి రాస్తాను. పోయిన ఈస్టర్‌కు నాయన మా కిరాయి ఇంటికి వచ్చినప్పుడు నాలుగు రోజులున్నాడు కదా. ఆ నాలుగు రోజులూ స్నానాల గదిలో అడుగు పెట్టలేదు. గుమ్మం దాకా వెళ్లి, ఆ తెల్ల టైల్స్ చూసి వెనక్కి తిరిగాడు. తువ్వాల కట్టుకుని వాకిట్లో నల్లా కిందే స్నానం. వీధంతా చూస్తోంది. మీ మరిదికి తలకొట్టేసినట్టయింది. నీ ఇంట్లో లోపలే చేస్తాడు, నా ఇంట్లో ఎందుకు చెయ్యడు? నీ క్వార్టర్ గోడలు పచ్చవి, నావి తెల్లవి, అంతే కదా తేడా. ఆ తెలుపులో ఆయనకు అమ్మ కనబడలేదనుకున్నాను. లేకపోతే నేనే పరాయిదాన్నయ్యాను. ఈ రెండోమాట ఆరునెలలుగా ఎవరితోనూ అనలేదు.

ఆయన దగ్గు నీకు తెలుసు. నువ్వు పొద్దున ఊళ్లమీదికి పోతే చీకటి పడ్డాకే వస్తావు. ఆయన కంపెనీ వైద్యం కార్డు చెల్లే దవాఖాన ఇక్కడుంది. నా దగ్గర ఉండడమే మంచిదని నువ్వే అన్నావు. ఆ గోడలు మన క్వార్టర్ గోడల్లా ఉంటే వస్తాడని నా ఆశ. అడిగి చూడక్కా.

నీ చెల్లెలు,
మహిమ


కొత్తగూడెం,
నవంబరు 13.

అక్కా, వందనాలు.

నీ జవాబు చేరింది. నా ఉత్తరం అంతా చదివి వినిపించావని, నాయన ఒక్క మాటా అనకుండా లేచి బయటికి పోయాడని రాశావు. ఆయన కాదన్నా బాగుండేది. మాట్లాడకపోవడమే నాకు కష్టంగా ఉంది.

అయినా నేను వెనక్కి తగ్గలేదు. నిన్న కోటేష్ షాపుకు పోయి నాలుగు గోడలకూ నాలుగు రంగులు తీయించాను. తలుపు పక్కన జేగురు, నల్లా వైపు నెమలి నీలం, కిటికీ కింద చిలకపచ్చ, ఎదురుగోడకు వంకాయ రంగు. కోటేష్ ముఖం చూడాలి నువ్వు! "మేడం, ఇంకోసారి సార్‌ను అడిగి రండ్రి" అంటాడు. "సార్ స్నానం కండ్లు మూసుకొని చేస్తడు, నువ్వు తియ్యి" అన్నాను. మేస్త్రీ భీమ్లా ఒక్కడే నా వైపు. "మా తండా ఆడోళ్ల లంగాలోలె ఉంటది మేడం, నడుమ అద్దాలు గూడ పెట్టాల్నా?" అని అడిగాడు. చాన్నాళ్లకు నవ్వాను.

ఇంట్లో మాత్రం నవ్వు లేదు. "మీ నాయన వస్తడని ఏంది గ్యారంటీ? రాకుంటే ఆ రంగులల్ల జీవితాంతం మునిగేది నేను" అన్నాడు శాంతికుమార్. కోపంతో అన్నా, అందులో అబద్ధం లేదు. సోమవారం భీమ్లా పని మొదలుపెడతాడు. అక్కా, ఇది నా ఆఖరి ప్రయత్నం. ఈ గోడలు చూసి కూడా నాయన రానంటే ఇక పిలవను. బతిమాలడానికి నాకూ ఓపిక ఉండాలి కదా. ఈ మాట కూడా చదివి వినిపించు.

మహిమ


నవంబరు 15.

నా చిన్నబిడ్డ మహిమకు నాయన దీవెనలు.

స్తుతి రాస్తున్నది, నేను చెప్తున్న. నా మాట నా మాటలెక్కనే రాయమన్న, దిద్దొద్దన్న.

నువ్వు పరాయిదానివైనవని రాసినవంట. గా మాట ఇన్నప్పటి సంది నాకు బువ్వ సయిస్తలేదు. ఏం చెప్పాల్నో తెల్వకనే ఆనాడు లేచి బయటికి పోయిన. బిడ్డా, ఇంతకాలం నేను గానీ మీ అమ్మ గానీ మీకు చెప్పని ముచ్చట ఒకటుంది.

పెండ్లయినంక మాకు క్వార్టర్ ఇచ్చిండ్రు. మీ అమ్మ పుట్టింట్ల తడిక చాటున స్నానం చేసి పెరిగిన మనిషి. నాలుగు గోడల స్నానాల గది చూసి చిన్నపిల్లలెక్క గంతులేసింది. తన చేతులతోనే తెల్లసున్నం కొట్టింది. పాలలెక్క మెరిసింది. నేను బొగ్గుబాయిల డ్యూటీ దిగి వస్తి. వంగి కాళ్లు రుద్దుకోవాల్నంటే గోడకు చెయ్యి ఆనియ్యాలె గదా. ఆనిస్తె ఐదేళ్లూ నల్లగ అచ్చు పడ్డయి. తుడిస్తె ఇంకింత పాకింది. రోజూ గదే కత. గృహప్రార్థనకు మీ మామలొచ్చి "ఏందే, నీ ఇంట్ల బొగ్గుదొంగ దూరిండా?" అని నవ్విండ్రు. తమాషకే అన్నరు. నాకు మాత్రం తల ఎత్తబుద్ధి కాలె. తెల్లారి సంది బయట నల్లా కాడనే పోసుకున్న. డిసెంబరు చలి.

మీ అమ్మ గిదంత చూసింది. ఒకనాడు నేను వచ్చేసరికి గోడలన్ని జేగురు రంగు. "తెలుపు నాకు మొకం మొత్తింది, నువ్వు లోపలికి పో" అన్నది. అబద్ధం. ఆమెకు తెలుపంటే పానం. మీ ముంగట నాగలక్ష్మికి చెప్పింది గూడ అబద్ధమే. ఆ రంగులు నేను చూడనీకి కాదు. నా చేతులు ఎవ్వలికి కనబడకుంట ఉండనీకి. పాట పాడింది మాత్రం నిజమే బిడ్డా. ఆ గదిల నాకు సిగ్గు లేకుండె.

మీ ఇంట్ల తెల్ల టైల్సు చూస్తె గదే భయం పట్టుకున్నది. బాయిపని ఇడిసి శానేండ్లాయె, చేతుల్ల బొగ్గు లేదని నాకు తెల్సు. తెల్సినా కాలు లోపలికి పోలె. గంతే గాని నీ ఇల్లు నాకు పరాయిది కాదు. నువ్వు పరాయిదానివి అసలే కాదు.

భీమ్లాకు చెప్పు. మూడు గోడలు నీ ఇష్టం, వంకాయ రంగు గూడ ఎయ్యి. ఒక్క గోడ తెల్లగ ఇడువు. ఆ గోడ మీ అమ్మది. అల్లునితోని లొల్లి పెట్టుకోకు, ఆయనకు గూడ ఒక గోడ దొరికినట్టైతది. నేను క్రిస్మస్ దాక ఆగ, పని కాంగనే వస్త. లోపలనే పోసుకుంట.

ఇంకొక్క ముచ్చట రాయమన్న. మొన్న స్తుతి వాళ్ల సబ్‌సెంటర్‌కు సున్నం ఏసిండ్రు. ఎవ్వలు లేంది చూసి పోయిన. అరచెయ్యి గోడకు గట్టిగ ఆనిచ్చిన. తీసి చూస్తె గోడకు ఏం కాలె బిడ్డా. నా చెయ్యే తెల్లగయింది.

మీ నాయన,
ఏసయ్య