గుడ్లగూబ లెక్క

ఫిబ్రవరి 23, ఆదివారం మధ్యాహ్నం

వదినకు,

నమస్కారాలు. మేమంతా క్షేమం. నువ్వు నా ఫోను ఎత్తకపోయినా నీ క్షేమం అన్నయ్య చెబుతూనే ఉన్నాడు. అందుకే ఈ ఉత్తరం. చింపేయాలన్నా ముందు విప్పాలి కదా.

పొద్దున సమాధుల తోటలో పిట్టల లెక్కింపు అయింది. తొమ్మిదేళ్లు మనిద్దరం కలిసి తిరిగిన దారే. ఈసారి నువ్వు రానన్నావని, పిట్టల సంఘం వాళ్లు గడియారాలు బాగుచేసే ఒకాయన్ని నాకు జత చేశారు. మంచివాడే. అదే నా బాధ, తిట్టడానికి వీలివ్వడు. ప్రతి సమాధి దగ్గరా ఆగి, పుట్టిన ఏడూ పోయిన ఏడూ చదివి, తీసివేత చేసి, "ఎనభై ఏడు! నిండు జీవితమండీ" అంటాడు. అయ్యా, మనం లెక్కపెట్టాల్సింది పైనున్నవాళ్లని, కిందున్నవాళ్లని కాదు అన్నాను. నవ్వేసి పక్క సమాధికి వెళ్లాడు.

కాకి లేచి మళ్లీ వాలితే మళ్లీ లెక్కపెడతాడు. అది ఇందాకటిదే కదండీ అంటే, తోక వేరంటాడు. రెండు గంటల్లో ప్రాణం విసిగిపోయింది. చలికి వేళ్లు కొంకర్లు పోయి, పెన్సిలు ముల్లు రెండుసార్లు విరిగింది.

చివరికి ప్రహరీ పక్కనున్న పెద్ద చెట్టు దగ్గరికి వచ్చాం. ఏ చెట్టో నీకు తెలుసు. పోయినేడు అక్కడ గుడ్లగూబ ఉందని నువ్వు రాశావు, లేదని నేను కొట్టేశాను. అంతటితో ఊరుకున్నానా? టీ తాగుతూ అందరిముందూ, మా వదినకి లేని పిట్టలు కూడా కనిపిస్తాయి అన్నాను. అందరూ నవ్వారు. నువ్వు కప్పు కింద పెట్టి వెళ్లిపోయావు.

ఈయన ఆ చెట్టు చూస్తూనే నా మోచెయ్యి పట్టుకుని, "అదుగోనండీ, తొర్రలో గుడ్లగూబ! నిద్రపోతోంది" అని గుసగుసలాడాడు. నేను కాగితం మీద ఒకటి వేశాను.

కాబట్టి పోయినేడు నువ్వు రాసిందే నిజం. పాత కాగితం దిద్దమని కార్యదర్శి గారిని అడిగాను. ఏడాది దాటాక దిద్దడానికి రూలు ఒప్పుకోదట. ఒక్క గుడ్లగూబ కోసం ఆవిడతో అరగంట గొడవపడి, చివరికి పక్కన చిన్న అక్షరాలతో 'ఉండింది' అని రాయించాను. ఇంతకుమించి నన్నేం చెయ్యమంటావు? ఇకనైనా ఫోను ఎత్తు.

ఇట్లు,
నీ మొండి ఆడపడుచు

తా.క. కవరు అంటించడానికి చెయ్యి రావడం లేదు. ఇవాళ కూడా గుడ్లగూబను నేను చూడలేదు. పొద్దుటినుంచీ ఆయన చెప్పినవే రాశాను. పోయినేడు నాకు ఆ చెట్టే మసకగా కనిపించింది, ఇక పిట్టేం కనిపిస్తుంది? రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయని డాక్టరు అప్పటికే చెప్పాడు. బయటపెడితే లెక్కింపుకి రానివ్వరని, నిన్ను అబద్ధాలకోరును చేశాను. ఈ గురువారం కుడి కంటికి ఆపరేషను. అన్నయ్యకి కూడా చెప్పలేదు. తోడు ఎవరొస్తారని ఆసుపత్రిలో అడిగితే నీ పేరు రాయించాను. అడక్కుండా రాయించినందుకు కూడా కలిపి తిట్టు. కానీ వచ్చి తిట్టు.